గోరింటాకు వేలు

గోరింటాకు పెట్టుకున్న చేతులంటే నాకు పడదు. ఆషాఢం వచ్చిందంటే మా ఆస్పత్రిలో నర్సుల దగ్గర్నుంచి నేల తుడిచే నూకాలమ్మ దాకా అందరూ ఎర్రటి వేళ్ళు ఆడించుకుంటూ తిరుగుతారు. నేను కళ్ళు పక్కకి తిప్పుకుంటాను. మేడమ్‌కి ఎలర్జీ అని వాళ్ళలో వాళ్ళు అనుకుంటారు. అనుకుంటే అనుకోనీ అని ఊరుకున్నాను. ఆఖరిసారి నేను గోరింటాకు ముట్టుకున్నది పందొమ్మిదేళ్ళ వయసులో, మా అమ్మ వేళ్ళకి పెట్టడానికి. ఆ మర్నాడే అమ్మ ఆపరేషన్ బల్ల మీద పోయింది.

నా పేరు వకుళ. కాకినాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మత్తు డాక్టర్ని. కోసేదీ, కుట్టేదీ, పేరు తెచ్చుకునేదీ సర్జన్లు. మనిషి తల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, ఆ మనిషి అటే వెళ్ళిపోకుండా చూసుకోవడం నా పని. ఆ పనిలో నాలుగేళ్ళుగా నాకు తోడున్నది మా నాన్న చేసిన యంత్రం.

నాన్న పేరు జోగారావు. పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. ఆయన యంత్రం చూడ్డానికి బట్టల క్లిప్పులా ఉంటుంది, అందుకే థియేటర్లో అందరూ దాన్ని మాస్టారి క్లిప్పు అంటారు. వేలికి తగిలిస్తే ఎనిమిది రంగుల వెలుగు గోరులోంచి అవతలికి పోతుంది. రక్తంలో హిమోగ్లోబిన్ ఎంతుందో సెకనుకోసారి తెర మీద పడుతుంది. అంతకుముందు ఆపరేషన్‌లో నెత్తురు పోతుంటే సూదితో రక్తం తీసి ల్యాబ్‌కి పంపేవాళ్ళం. కాగితం వచ్చేసరికి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ దేవుడి మీద భారం వేయడమే. క్లిప్పు వచ్చాక ఆ బాధ తప్పింది. ఒక్క ఇబ్బంది మాత్రం ఉండేది. గోరింటాకు వేళ్ళ మీద అది సరిగ్గా చదవదు. ఈ మాఘమాసంలో ఆ ఇబ్బంది కూడా తీర్చేశానని నాన్న కొత్త క్లిప్పు తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆషాఢం ఇది.

ఆ రోజు బల్ల మీద ఉన్నది వరహాలమ్మ. పిఠాపురం దగ్గర్నుంచి వచ్చింది, నలభై ఆరేళ్ళు, గర్భసంచిలో గడ్డలు. పది వేళ్ళకీ రెండో కణుపు దాకా ఎర్రటి టోపీలు.

"ఆపరేషన్ పెట్టుకుని ఇదేంటమ్మా?" అన్నాను.

"మా కోడలండి. ఉత్త చేతుల్తో ఎలా ఎల్తావత్తా అనీసి కూకోబెట్టి పెట్టేసిందండి. బాగా పండింది కదండీ?" అని నవ్వింది.

బాగా పండింది. నేను మొహం తిప్పుకుని మందు ఎక్కించాను.

గంట గడిచేసరికి సర్జన్ ఇలియాజ్ గారి మాటలు తగ్గిపోయాయి. ఆయన మామూలుగా కోస్తూ కూడా కబుర్లు చెప్పే మనిషి. మాట్లాడ్డం మానేశాడంటే లోపల నెత్తురు ఆగడం లేదని అర్థం. నెత్తురు పీల్చే సక్షన్ సీసా నిండుతోంది.

"ఎంతుంది డాక్టరమ్మా?" అన్నాడు.

"పదకొండు పాయింట్ రెండు."

ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి ఆయన అడగలేదు. నా పక్కన నిలబడ్డ సిస్టర్ ఎస్తేరు రాణి వంగి నా చెవి దగ్గర అంది. "మేడమ్, రెండో సీసా పెట్టానండి. ఇంకా పదకొండేంటండీ?"

ఎస్తేరు ఈ థియేటర్లో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆవిడ కంటికి నా డిగ్రీల కంటే విలువ ఎక్కువ. వరహాలమ్మ కింది రెప్ప లాగి చూశాను. తెల్లగా ఉంది. వెంటనే రక్తం ఎక్కించడం మొదలుపెట్టి, శాంపిల్ తీసి ల్యాబ్‌కి పరిగెత్తించాను. కాగితం వచ్చింది: 6.4. తెర మీద మాత్రం అదే అంకె, కాస్త కూడా కదలకుండా, 11.2.

వరహాలమ్మ బతికింది. నేను మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం ముట్టకుండా క్లిప్పు దాచుకున్న రికార్డులు తిరగేస్తూ కూర్చున్నాను. ఆషాఢం మొదలయ్యాక గోరింటాకు వేళ్ళతో వచ్చినవాళ్ళు నలుగురు. ఇరవై ఏళ్ళ పిల్ల, అరవై దాటిన ముసలావిడ, మధ్యలో ఇద్దరు. నలుగురికీ మొదట్నుంచి చివరిదాకా 11.2. అంతటితో ఆగితే యంత్రం చెడిందని సరిపెట్టుకునేదాన్ని. కానీ అంకె కింద నాడి అల కూడా ఉంటుంది, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక మిట్ట. లెక్కపెట్టాను. ఒకటి, రెండు… ఎనిమిది. తొమ్మిదోది లేదు. ఖాళీ. తర్వాతది కాస్త పొడుగ్గా లేచింది. మళ్ళీ ఎనిమిది, మళ్ళీ ఖాళీ. ఛాతీకి అంటించిన తీగల రికార్డు పక్కన పెట్టి చూశాను. వరహాలమ్మ గుండె నిమిషానికి నూట ఇరవైసార్లు ఒక్కటి కూడా తప్పకుండా కొట్టుకుంది. మిగతా ముగ్గురివీ అంతే.

తెర మీదున్న గుండె ఆ నలుగురిలో ఎవరిదీ కాదు.

ఆ తప్పిపోయే తొమ్మిదోది ఎవరిదో నాకు తెలుసు.

నా చిన్నప్పుడు నాన్న మొదటి క్లిప్పుని నిజం బట్టల క్లిప్పుతోనే చేశాడు. దండెం మీది క్లిప్పులు ఒక్కొక్కటే మాయమవుతుంటే అమ్మ గోల పెట్టేది. వంటింట్లో ఆవిడ కూర తరుగుతుండగా ఎడమచెయ్యి లాక్కుని వేలికి తగిలించి నాన్న తెర చూసేవాడు. "సత్యవేణీ, నీ గుండె తొమ్మిదో మెట్టు దగ్గర తడబడుతోందోయ్" అనేవాడు. "తడబాటు కాదు లెండి, మీ లెక్కలో పడకుండా ఒకటి దాచుకుంటున్నా" అనేది అమ్మ. డాక్టర్‌కి చూపిద్దామంటే వినేది కాదు. జ్వరమొచ్చినా, కాలు బెణికినా, నెలలో పదిహేను రోజులు నెత్తురు పోతున్నా ఆవిడ నోట ఒకటే మాట. నాకేం లేదు, బాగానే ఉన్నా.

సాయంత్రం నాలుగింటికి ఇంటికి వెళ్ళాను. మేడ మీద రేకుల షెడ్డే నాన్న ల్యాబ్. గోడ పొడుగునా కుండీల్లో గోరింటాకు మొక్కలు. క్లిప్పు పరీక్షల కోసమని మూడేళ్ళ నుంచి పెంచుతున్నాడు. ఆ మొక్కల వల్లే నేను మేడెక్కడం మానేశాను.

నాన్నకి డెబ్బై నాలుగు. ఎడమ కిడ్నీలో గడ్డ బయటపడి మూడు వారాలైంది. పై గురువారం ఇలియాజ్ గారు కిడ్నీ తీసేయాలి. అయినా ఆ మనిషి ఏమీ పట్టనట్టు స్టూలు మీద కూర్చుని ఏదో బిగిస్తున్నాడు. రికార్డులు ఆయన ముందు పెట్టాను. చూడకుండానే, "తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కూర్చో. ఒకటి చూపిస్తాను."

రోట్లో నూరిన గోరింటాకు ముద్ద గిన్నెలో ఉంది. అందులోంచి చిటికెడు తీసి, వేలి కణుపంత ఉండ చేసి, క్లిప్పు మధ్యలో పెట్టాడు. ఉత్త ఆకుముద్ద. ఎదురుగా తెర వెలిగింది. కొంచెంసేపు గీత అటూ ఇటూ వణికింది. తర్వాత ఒక మిట్ట లేచింది. ఇంకోటి. ఇంకోటి. పక్కన అంకె పడింది: 11.2.

బల్ల మీద ఆకుముద్దకి గుండె కొట్టుకుంటోంది. ఎనిమిది కొట్టి ఒకటి ఆగుతోంది.

"తీసెయ్ నాన్నా" అన్నాను.

ఆయన తియ్యలేదు. తెర వంకే చూస్తూ మాట్లాడాడు. "వెలుగు సరిగ్గా దూరనప్పుడు యంత్రం ఊరుకోదమ్మా. అంతకుముందు చూసినవాటిలోంచి దగ్గరగా ఉన్నదాన్ని తెచ్చి ఆ ఖాళీ నింపుకుంటుంది. ఉత్త వేళ్ళవైతే వేల రికార్డులున్నాయి. గోరింటాకు పెట్టుకున్న వేలు, నెత్తురు పోతున్న మనిషి, రెండూ ఉన్న రికార్డు నా దగ్గర ఒక్కటే ఉంది. నేర్పడానికి అదొక్కటే దిక్కయింది. ట్యూబులైటు అదురు తగిలినా చాలు, దానికి అదే గుర్తొస్తోంది."

"ఏ రికార్డు?"

సమాధానం తెలిసే అడిగాను. నాడి అల అప్పుడే కంప్యూటర్లో దాచానంటూ ఆయన పెట్టె అడుగునుంచి అంకెలు రాసుకున్న పాత నోటుబుక్కు తీసి నా ఒళ్ళో పెట్టాడు. ఆషాఢ బహుళ ఏకాదశి, ఉదయం పది. కింద నాన్న గుండ్రటి అక్షరాల్లో నిమిష నిమిషానికీ ఒక అంకె. 11.2, 11.2, 11.2. పేజీ తిప్పాను. రెండు పేజీలు, మూడు పేజీలు. పదకొండూ యాభై దగ్గర అంకె పక్కన ఏమీ లేదు. గీత కొట్టి ఉంది.

"గుండె ఆగిపోయిందని చెప్పావు నాకు."

"ఆగింది. ఎందుకాగిందో చెప్పలేదు." ఆయన కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. "ఆ నర్సింగ్‌హోమ్ సర్జన్ చిన్నప్పుడు ట్యూషన్‌లో నా శిష్యుడు. మాస్టారూ, మీ క్లిప్పు ఇక్కడ చూద్దామండీ అన్నాడు. లోపల కనపడని చోట నెత్తురు చేరుతోంది. వాళ్ళకి అనుమానం వచ్చినప్పుడల్లా నన్నడిగారు. పదకొండు పాయింట్ రెండు, బాగానే ఉందని నేనే చెప్పాను. తలుపు దగ్గర నిలబడి ఎనిమిదిసార్లు చెప్పాను. సూదితో తీసి చూద్దామంటే వద్దన్నది కూడా నేనే."

ఆ పూట నర్సింగ్‌హోమ్ వరండాలో నేను ఏం చేస్తున్నానో గుర్తొచ్చింది. ముందురోజు అమ్మ వేళ్ళకి పెడుతూ నా వేళ్ళకి అంటిన ఎరుపు పోవట్లేదని సబ్బుతో రుద్దుకుంటున్నాను.

"గోరింటాకు వల్ల" అన్నాను.

"నా యంత్రం వల్ల."

"దాన్ని పెట్టింది నేను. అమ్మ వద్దంటున్నా, ఆషాఢం వెళ్ళిపోతోందని నేనే కూర్చోబెట్టి పెట్టాను."

"తెలుసమ్మా. అందుకే చెప్పలేదు."

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇరవై ఒక్కేళ్ళు ఈ మనిషి ఒక్కడే దీన్ని మోశాడు. గోరింటాకు మీద చదివే క్లిప్పు చేస్తే తప్ప నాతో ఆ మాట చెప్పలేనని ఈ షెడ్డులో కూర్చున్నాడు. తీరా చేస్తే ఏమైంది? యంత్రం అచ్చం ఆ రోజులాగే, అమ్మలాగే, బాగానే ఉన్నానని అబద్ధం చెప్పడం నేర్చుకుంది. వరహాలమ్మని చంపబోయింది.

"ఆ రికార్డు తీసెయ్యాలి నాన్నా. రేపే."

"తీసేస్తాను." తెర మీద ఇంకా అలలు లేస్తూనే ఉన్నాయి. "గురువారం దాకా ఆగు. ఆస్పత్రిలో ఆ వేళ్ళకి పెట్టొద్దని బోర్డు కట్టు. నా ఆపరేషన్ అయ్యాక తీసేస్తాను."

"అప్పటిదాకా ఎందుకు?"

ఆకుముద్ద ఆరిపోతుంటే వేలితో రెండు చుక్కలు నీళ్ళు అద్దాడు. అప్పుడర్థమైంది నాకు, ఈ మాఘం నుంచీ ఆయన రోజూ ఇక్కడ ఎవరితో కూర్చుంటున్నాడో. మెట్లు దిగేటప్పుడు ఒక్కసారి వెనక్కి చూశాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడో, మాట్లాడుతున్నాడో తెలియలేదు.

మర్నాడే బోర్డు కట్టించాను. గోరింటాకు వేళ్ళ మీద క్లిప్పుని నమ్మరాదు. కింద నేనూ, ఇలియాజ్ గారూ సంతకాలు పెట్టాం.

గురువారం ఉదయం ఎనిమిదింటికి నాన్నని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. సొంతవాళ్ళకి మత్తు ఇవ్వకూడదంటారు. నేను వేరే డాక్టర్ని మాట్లాడాను కూడా. నాన్న ఒప్పుకోలేదు. నువ్వు తప్ప నా తల దగ్గర ఇంకెవరూ కూర్చోవద్దన్నాడు. దుప్పటి కిందనుంచి ఎడమచెయ్యి బయటపెట్టాడు. ఉంగరపు వేలికి కొస కణుపు దాకా ఎర్రటి టోపీ.

ఎస్తేరు నోరు నొక్కుకుంది. "ఇదేంటండి మాస్టారూ, పెళ్ళికూతురిలాగ!"

"వేడి చేసిందమ్మా, చలవకి" అన్నాడు నాన్న. తర్వాత నా వంక చూశాడు. "ఉత్త వేలికి ఒకటి పెట్టుకో. నువ్వు నమ్మాల్సింది దాన్నే. ఈ వేలికి ఇంకోటి పెట్టు. ఊరికే."

తిట్టాలనిపించింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, లోపలికి వెళ్ళేముందు తోడు అడుగుతున్నాడు. రెండు క్లిప్పులూ తగిలించాను. తెర మీద రెండు గీతలు ఒకదాని కింద ఒకటి నడవడం మొదలుపెట్టాయి. పైది నాన్నది, 12.8, ఎక్కడా తప్పకుండా. కిందది 11.2, ఎనిమిది కొట్టి ఒకటి ఆగుతూ. నాన్న తల తిప్పి రెండూ చూశాడు. ఆయన మొహంలో అంత నెమ్మది నేను ఈ మధ్య చూడలేదు.

"ఇవ్వమ్మా ఇంక" అన్నాడు. మందు ఎక్కించాను.

ఆపరేషన్ మంచిగానే నడిచింది. ఇలియాజ్ గారు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. వాళ్ళబ్బాయి పెళ్ళి బిరియానీ దాకా వచ్చాడు. గంటా నలభై నిమిషాలకి కిడ్నీ బయటికొచ్చింది. పై అంకె 12.1. లోపలంతా నీళ్ళతో కడిగి చూశాడు. ఎక్కడా చుక్క నెత్తురు లేదు.

"పొడిగా ఉందమ్మా. మూసేద్దాం" అన్నాడు.

నేను ఊపిరి వదిలి తెర చూశాను. కింది అంకె 11.1.

కళ్ళు నలుపుకున్నాను. వరహాలమ్మ దగ్గర రెండు సీసాల నెత్తురు పోయినా కదలని అంకె అది. ఆకుముద్ద మీద కూడా కదలని అంకె. 10.9 అయింది. పై అంకె 12.1 దగ్గరే ఉంది. రక్తపోటు బాగుంది. 10.3.

"డాక్టర్ గారూ, ఒక్క నిమిషం ఆగండి. అంకె పడుతోంది."

"ఏ వేలిది?"

"గోరింటాకు వేలు."

ఆయన తల ఎత్తి మాస్కు పైనుంచి నా వంక చూశాడు. గోడ మీద బోర్డు ఆయన భుజం వెనకే ఉంది. "దాన్ని నమ్మొద్దని రాసింది మనమే కదమ్మా. మాస్టారి గుండె అంత గట్టిది కాదు. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత ముప్పు. మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఆ లెక్క నాకు ఆయనకంటే బాగా తెలుసు. బుద్ధున్న మత్తు డాక్టరెవరైనా మూసేయమనే అంటారు. మూసేశాక పొట్టలో ఏం జరిగినా పైకి కనపడదని కూడా నాకు తెలుసు. 9.4. మా అమ్మ ఏదో చెబుతోందండీ అని థియేటర్లో అందరి ముందూ ఎలా అనను? ఒకవేళ అది ట్యూబులైటు అదురే అయితే, నా పిచ్చికి నాన్న బలైపోతాడు. అది కాకపోతే?

"పది నిమిషాలు. నా మాట మీద ఆగండి. ఎస్తేరు, రెండు రక్తం సంచులు వేడిచేసి తగిలించండి."

"నెత్తురేదీ పోలేదు కదండీ మేడమ్" అంటూనే ఆవిడ తగిలించింది.

ఇలియాజ్ గారు చేతులు లోపలే పెట్టుకుని నిలబడ్డాడు. కబుర్లు లేవు. ఊపిరి యంత్రం చప్పుడొక్కటే. కింది గీత చూస్తున్నాను. 8.2. ఇదివరకు ఎనిమిదికోసారి తప్పే గుండె ఇప్పుడు ఆరుకోసారి తప్పుతోంది. 7.0. నాలుగుకోసారి. పై గీత మాత్రం నింపాదిగా, ఏమీ తెలియనట్టు నడుస్తోంది. ఏడు నిమిషాలు, ఎనిమిది, తొమ్మిది. ఆయన విసుగ్గా కదిలాడు. "డాక్టరమ్మా, నేనింక…"

మాట పూర్తి కాలేదు. కిడ్నీకి వెళ్ళే పెద్ద ధమని మొదట్లో కట్టిన ముడి ఆయన కళ్ళముందే జారింది. నెత్తురు ఆయన కళ్ళజోడు దాకా ఎగిరింది. "యా అల్లా!" అంటూనే వేలు పెట్టి నొక్కేశాడు. పొట్ట తెరిచి, చెయ్యి లోపల ఉండబట్టి రెండు సెకన్లలో నొక్కగలిగాడు. సంచులు తగిలించి ఉండబట్టి నేను అప్పటికప్పుడు రక్తం వదలగలిగాను. పై అంకె ఇప్పుడు దిగడం మొదలుపెట్టింది. 11.3, 10.2, 8.9.

మళ్ళీ ముడి వేసేసరికి ఆరు నిమిషాలు పట్టింది. నా చేతులు సంచిని పిండుతున్నాయి, కళ్ళు కింది గీత మీద ఉన్నాయి. 5.1. రెండు కొట్టి ఒకటి ఆగుతోంది. 4.0. మిట్టలు పొట్టివైపోయాయి. ఒకటి. చాలాసేపటికి ఇంకోటి. అమ్మా, చాలమ్మా అన్నాను. పైకే అన్నాననుకుంటాను, ఎస్తేరు నా వంక చూసింది. గీత సాఫీ అయిపోయింది. అంకె పోయింది. దాని చోట నాన్న తెలుగులో రాసి పెట్టిన మాట వెలిగింది. 'వేలు పెట్టండి.'

వేలు క్లిప్పులోనే ఉంది. పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది.

రెండు నిమిషాలు అలాగే ఉంది తెర. తర్వాత ఆ క్లిప్పు దానంతటదే మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. పైన 8.3, కింద 8.3. రెండు గీతలూ ఒకేలా, రెండూ నాన్నవే. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. ఎక్కడా ఆగలేదు.

మర్నాడు ఉదయం ఐసీయూలో నాన్నకి పూర్తిగా తెలివొచ్చింది. కిటికీలోంచి ఎండ దుప్పటి మీద పడుతోంది. జరిగిందంతా చెప్పాను. ఏమీ దాచలేదు. దాచడంలో మా ఇంట్లో అందరూ ఆరితేరినవాళ్ళే. అది ఇంక చాలనిపించింది.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. అంతకుముందు సాయంత్రం నేను పాత రికార్డు మొత్తం తిరగేశాను. గంటా యాభై నిమిషాలూ 11.2 తప్ప ఇంకో అంకె లేదు అందులో. అంకె పడిపోవడమనేదే ఆ రికార్డులో లేదు. లేనిదాన్ని యంత్రం ఎక్కడ నేర్చుకుంది? అదీ తొమ్మిది నిమిషాల ముందు? అదే ఆయన్ని అడిగాను. "నాకు తెలీదమ్మా" అన్నాడు నాన్న. ముప్పై ఐదేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి నోట ఆ మాట మొదటిసారి విన్నాను.

"క్లిప్పు పెట్టు" అన్నాడు, ఎర్ర వేలు చాపి.

పెట్టాను. 9.6. ల్యాబ్ కాగితంలోనూ అంతే ఉంది. నాన్న అంకె చూడలేదు. పెదాలు కదిలిస్తూ మిట్టలు లెక్కపెట్టాడు. ఎనిమిది దగ్గర ఊపిరి బిగబట్టాడు. తొమ్మిదోది లేచింది. పదోదీ లేచింది. ఇంకోసారి మొదట్నుంచీ లెక్కపెట్టాడు. మళ్ళీ.

"బాగుపడింది" అన్నాడు చివరికి. "గోరింటాకు మీద కూడా కరెక్టుగా చదువుతోంది." ఇరవై ఒక్కేళ్ళు ఎదురుచూసిన మాట అది. అంటూనే మొహం గోడవైపు తిప్పుకున్నాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కుట్లు కదులుతాయి నాన్నా అన్నాను. నేనూ ఏడుస్తూనే అన్నాను.

కాసేపటికి నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తడిమాడు. "ఆషాఢం ఇంకా నాలుగు రోజులుంది కదా. షెడ్డులో ఆకు బోలెడుంది. ఇంక నువ్వు కూడా పెట్టుకోమ్మా."

పెట్టుకున్నాను. ఎస్తేరే నూరి తెచ్చి, ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో కూర్చుని పది వేళ్ళకీ టోపీలు పెట్టింది. "ఎలర్జీ అన్నారు కదండీ మేడమ్?" అని ఆటపట్టించింది. బాగా పండింది.

సోమవారం థియేటర్లో మొదటి కేసు రాకముందు ఎస్తేరు క్లిప్పులు సరిచూస్తూ, "ఏదండీ, మీ ఎర్ర వేలు ఇలా ఇవ్వండి" అని తగిలించేసింది. పరీక్షకి మంచిదే కదా అని నేనూ ఊరుకున్నాను. తెర వెలిగింది. అంకె పడింది.

11.2.

"చూశారా, మీకూ రక్తం తక్కువేనండి. ఖర్జూరాలు తినండి" అంటూ ఆవిడ ట్రే సర్దడానికి వెళ్ళింది. నిజమే, ఆ అంకె ఉన్న ఆడవాళ్ళు ఈ ఊళ్ళో వీధికి పదిమంది ఉంటారు. సూదితో చుక్క తీయించి చూసుకుంటే తేలిపోతుంది. నేను లేవలేదు.

గీత మీద మిట్టలు లేస్తున్నాయి. నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. నాలుగు, ఐదు. నా గుండె ఎలా కొట్టుకుంటుందో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూసుకోలేదు. ఆరు. చూడాలని లేక కాదు, చాలా ఉంది. ఏడు. ఒక్కసారి చూశానంటే మేడ మీద షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చునేది ఇకమీదట నాన్న కాదు, నేనవుతానని భయం వేసింది.

ఎనిమిది.

క్లిప్పు తీసేశాను.